99 శాతం సరే.. ఏ డేటా మీద?

ఏటా ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ రాగానే సీఎస్‌ఈ, ఐటీ, ఏఐ బ్రాంచీల్లో కొన్ని టైటిళ్లు తప్పకుండా కనిపిస్తాయి. 'మెషిన్ లెర్నింగ్‌తో నెట్‌వర్క్ చొరబాట్ల గుర్తింపు', 'డీప్ లెర్నింగ్‌తో ఆండ్రాయిడ్ మాల్వేర్ గుర్తింపు', 'ఫిషింగ్ వెబ్‌సైట్లను పట్టే మోడల్'. కాలేజీ మారినా, ఊరు మారినా టైటిల్ మారదు. చివరి స్లైడులో ఫలితమూ మారదు. 98 లేదా 99 శాతం కచ్చితత్వం! కానీ ఇంటర్వ్యూలో 'ఏ డేటా మీద?' అని ఒక్క ప్రశ్న పడితే చాలు, చాలామంది అక్కడే తడబడతారు.

అందరూ ఒకే టాపిక్‌లో ఎందుకు పడుతున్నారు? ఒక కారణం.. ట్రెండును చూసి టాపిక్ ఎంచుకోవడం. మెషిన్ లెర్నింగ్, డిజిటల్ భద్రత కలిసే చోట ఏ అంశంపై ఎన్ని పరిశోధన పత్రాలు వచ్చాయో లెక్కగట్టే అధ్యయనాలు ఇప్పుడు తరచూ వస్తున్నాయి. వీటినే బిబ్లియోమెట్రిక్ అధ్యయనాలు అంటారు. రంగురంగుల పటాల్లో పెద్ద బుడగగా కనిపించిన పదాన్ని పట్టుకుని 'ఇదే హాట్ టాపిక్' అనేస్తాం. కానీ ఆ పటం గుంపు ఎక్కడుందో చెబుతుంది. అవసరం ఎక్కడుందో చెప్పదు. ఈ తేడా తెలిస్తే మీ ప్రాజెక్టు, రెజ్యూమె రెండూ మెరుగుపడతాయి.

పేపర్లను లెక్కపెట్టే శాస్త్రం

'బిబ్లియోమెట్రిక్స్' అనే మాటను 1969లో అలన్ ప్రిచర్డ్ వాడుకలోకి తెచ్చారు. అంతకుముందే 1964లో యూజీన్ గార్ఫీల్డ్ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' మొదలుపెట్టారు. ఏ పేపర్‌ను ఎవరు ఉదహరించారో తిరగేసి వెతుక్కోవడానికి అదో పెద్ద సూచిక. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ వచ్చాక ఈ పని కంప్యూటర్ ముందు కూర్చుని చేయగలిగేదిగా మారింది.

ఇప్పుడు ఇలాంటి అధ్యయనం ఎలా చేస్తారో చూద్దాం. స్కోపస్ లేదా వెబ్ ఆఫ్ సైన్స్‌లో 'మెషిన్ లెర్నింగ్', 'సైబర్ సెక్యూరిటీ' అని సెర్చ్ కొడతారు. వచ్చిన వేల పేపర్ల వివరాలు డౌన్‌లోడ్ చేస్తారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీలో తయారైన వీఓఎస్‌వ్యూయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనో, ఇటలీ పరిశోధకులు ఆర్ భాషలో రాసిన బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీలోనో వాటిని వేస్తారు. ఏడాదికి ఎన్ని పేపర్లు, ఏ దేశం నుంచి ఎన్ని, ఏ రెండు కీవర్డులు ఒకే పేపర్‌లో కలిసి కనిపిస్తున్నాయి.. అన్నీ పటాలుగా బయటికొస్తాయి. ఎక్కువసార్లు వచ్చిన పదం పెద్ద బుడగ. తరచూ కలిసి వచ్చే పదాలు పక్కపక్కన, ఒకే రంగులో ఉంటాయి.

గమనించారా? ఇందులో ఎక్కడా పేపర్లను పూర్తిగా చదవాల్సిన పని లేదు. ఈ పద్ధతి బలం అదే, బలహీనతా అదే.

పటంలో కనిపించే కథ

ఈ పటాలు పనికిరానివని కాదు. ఒక రంగం ఎలా నడిచివచ్చిందో చూడాలంటే వీటికి మించిన సాధనం లేదు. మన సబ్జెక్టునే తీసుకుందాం.

కంప్యూటర్ వాడకంలో తేడాలను గణాంకాలతో గమనించి చొరబాట్లను పట్టొచ్చని డొరొతీ డెన్నింగ్ 1987లో ఒక నమూనా ప్రతిపాదించారు. 1998లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం ఎంఐటీ లింకన్ ల్యాబ్ ఒక కృత్రిమ నెట్‌వర్క్ మీద దాడుల డేటా తయారు చేసింది. దాని నుంచే మరుసటి ఏడాది పోటీ కోసం 'కేడీడీ కప్ 99' డేటాసెట్ పుట్టింది. 2012 తర్వాత డీప్ లెర్నింగ్ ఊపందుకోవడంతో అదే ఊపు భద్రత పరిశోధనల్లోకీ వచ్చింది. 2013, 2014లో ఇంకో మలుపు.. బొమ్మలో కంటికి కనిపించనంత చిన్న మార్పు చేసి మోడల్‌ను బోల్తా కొట్టించవచ్చని పరిశోధకులు చూపించారు. పాండా బొమ్మను మోడల్ గిబ్బన్ అనే కోతి జాతిగా చదివిన ఉదాహరణ అప్పటిదే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' లాంటి కొత్త పదాలు పటంలోకి ఎక్కాయి.

అంటే ఈ రంగంలో రెండు దారులున్నాయి. ఒకటి, మెషిన్ లెర్నింగ్‌తో భద్రత కల్పించడం. రెండోది, మెషిన్ లెర్నింగ్‌కే భద్రత కల్పించడం. కాలేజీ ప్రాజెక్టులు చాలావరకు మొదటి దారిలోనే, అందులోనూ చొరబాట్ల గుర్తింపు దగ్గరే ఆగిపోతున్నాయి. ఎందుకంటే అక్కడ డేటాసెట్ రెడీగా దొరుకుతుంది, కోడ్ రెడీగా దొరుకుతుంది, ఉదహరించడానికి బోలెడన్ని పేపర్లు దొరుకుతాయి.

పాతికేళ్ల నాటి డేటా మీద 99 శాతం

కేడీడీ 99 సంగతే వివరంగా చూద్దాం. శిక్షణ కోసం ఇచ్చిన పూర్తి డేటాలో దాదాపు 49 లక్షల రికార్డులు, ఒక్కోదానికి 41 లక్షణాలు ఉంటాయి. 2009లో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ యూనివర్సిటీ పరిశోధకులతో కూడిన బృందం దీన్ని తిరగేసి చూసింది. శిక్షణ డేటాలో 78 శాతం, పరీక్ష డేటాలో 75 శాతం దాకా రికార్డులు డూప్లికేట్లేనని తేల్చింది. ఒకే రికార్డు పదే పదే వస్తుంటే మోడల్ నేర్చుకునేది తక్కువ, బట్టీ పట్టేది ఎక్కువ. మార్కులు మాత్రం బాగానే పడతాయి.

అదే బృందం డూప్లికేట్లు తీసేసి 'ఎన్‌ఎస్‌ఎల్-కేడీడీ' తెచ్చింది. మంచిదే. కానీ అసలు ట్రాఫిక్ మాత్రం 1998 నాటిదే. అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు, క్లౌడ్ లేదు, యూపీఐ లేదు. అయినా ఆ డేటాసెట్ పేర్లు ఇప్పటికీ కొత్త పేపర్లలో, కొత్త ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. బిబ్లియోమెట్రిక్ పటంలో ఇది 'బలమైన అంశం'గా కనిపిస్తుంది. చదివి చూస్తే పాత ప్రశ్నపత్రాన్నే మళ్లీ మళ్లీ రాసినట్టుంటుంది.

ఇంకో చిక్కు ఇంతకంటే పెద్దది. కేడీడీ 99 శిక్షణ డేటాలో సుమారు 80 శాతం రికార్డులు దాడులే. అంటే ఏమీ నేర్చుకోకుండా, ప్రతిదాన్నీ 'దాడి' అనేసినా అక్కడ 80 శాతం మార్కులొస్తాయి! నిజమైన నెట్‌వర్క్‌లో పరిస్థితి తలకిందులు. దాడులు అరుదు, మామూలు ట్రాఫిక్ ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక కంపెనీలో రోజుకు 10 లక్షల కనెక్షన్లు, అందులో 100 మాత్రమే దాడులు అనుకోండి. మీ మోడల్ దాడుల్లో 99 శాతాన్ని పడుతుంది, మామూలు కనెక్షన్లలో ఒక్క శాతాన్ని మాత్రమే పొరపాటున దాడి అంటుంది. వినడానికి అద్భుతం. ఇప్పుడు అలర్టులు లెక్కపెట్టండి. నిజమైన దాడులు 99 దొరుకుతాయి. మిగతా 9,99,900 మామూలు కనెక్షన్లలో ఒక్క శాతం అంటే 9,999 తప్పుడు అలర్టులు. మొత్తం 10,098 అలర్టుల్లో నిజమైనవి ఒక్క శాతం కూడా లేవు! ఒక్కో తప్పుడు అలర్టును చూడటానికి 5 నిమిషాలు పట్టినా రోజుకు 833 గంటల పని. 8 గంటల షిఫ్టు లెక్కన వంద మందికి పైగా కూర్చోవాలి. ఏ కంపెనీ పెట్టుకుంటుంది?

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. స్టెఫాన్ ఆక్సెల్సన్ 1999లోనే ఈ చిక్కును పేపర్‌గా రాశారు. మెషిన్ లెర్నింగ్ వేరే రంగాల్లో బాగా పనిచేస్తున్నా చొరబాట్ల గుర్తింపులో మాత్రం నిజమైన నెట్‌వర్కుల్లో ఎందుకు నిలబడటం లేదని 2010లో రాబిన్ సోమర్, వెర్న్ ప్యాక్సన్ సూటిగా అడిగారు. 2022లో యూసెనిక్స్ సెక్యూరిటీ సదస్సులో వచ్చిన ఒక పేపర్ ఇంకా గట్టిగా చెప్పింది. అగ్రశ్రేణి భద్రత సదస్సుల్లో పదేళ్లలో వచ్చిన 30 పేపర్లను పరిశీలిస్తే, మెషిన్ లెర్నింగ్ వాడకంలో జరిగే పది రకాల తప్పుల్లో ప్రతి పేపర్‌లోనూ కనీసం మూడు కనిపించాయట. అగ్రశ్రేణి పేపర్ల సంగతే ఇలా ఉంటే, ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ నడిపి తెచ్చిన 99 శాతాన్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అంత తేలిగ్గా నమ్ముతారా?

లెక్కలోనే ఉన్న లొసుగులు

బిబ్లియోమెట్రిక్ అధ్యయనం చదివేటప్పుడు ఈ నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, సెర్చ్ పదం. ఇంగ్లిష్‌లో 'సైబర్ సెక్యూరిటీ'ని కొందరు ఒకే పదంగా, కొందరు రెండు పదాలుగా రాస్తారు. ఒక రూపంతోనే వెతికితే రెండో రూపంలో రాసినవి కొన్ని జారిపోతాయి. ఉత్త 'సెక్యూరిటీ' అని వెతికితే ఆహార భద్రత పేపర్లు కూడా వచ్చి చేరతాయి.

రెండు, ఏం వదిలేశారు? చాలా రంగాల్లో జర్నల్ గొప్పది. కంప్యూటర్ భద్రతలో మాత్రం ముఖ్యమైన పని ఎక్కువగా సదస్సుల్లో వస్తుంది. యూసెనిక్స్ సెక్యూరిటీ, ఐట్రిపుల్‌ఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్‌ఎస్.. ఈ నాలుగూ పెద్ద వేదికలు. 'జర్నల్ ఆర్టికల్స్ మాత్రమే' అని ఫిల్టర్ పెట్టిన అధ్యయనంలో ఇవేవీ ఉండవు. పెళ్లికొడుకు లేని పెళ్లి ఫొటో లాంటిదన్నమాట.

మూడు, సంఖ్య వెనకున్న ఒత్తిడి. ఈ తరహా అధ్యయనాల్లో చైనా, అమెరికాతో పాటు భారత్ కూడా ముందు వరుసలో కనిపించడం మామూలే. సంతోషించాల్సిన విషయమే. కానీ ప్రమోషన్ కోసం, పీహెచ్‌డీ కోసం రాసిన పేపర్ కూడా ఒకటి కిందే లెక్క. 2023లో హిందావీ ప్రచురణ సంస్థ జర్నళ్ల నుంచి 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు. రివ్యూ ప్రక్రియలోనే అక్రమాలు జరిగాయని తేలడం అందుకు ముఖ్య కారణం. వాటిలో కంప్యూటర్ భద్రత, ఏఐ జర్నళ్లూ ఉన్నాయి. పేపర్ వెనక్కి తీసుకునేలోపే దాన్ని లెక్కేసిన పటాలు బయటికి వచ్చేసి ఉండొచ్చు.

నాలుగు, ఆలస్యం. పరిశోధన చేసి, రాసి, రివ్యూ దాటి, అచ్చయ్యేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దాన్ని లెక్కపెట్టి అధ్యయనం రాసేసరికి ఇంకొంత కాలం. అంటే మీరు చూస్తున్న 'తాజా ట్రెండ్' నిన్నటి వెలుగు.

ఇక్కడే ఒక హెచ్చరిక. 'రెజ్యూమెకు బరువు' అని వేలకు వేలు కట్టి ఊరూ పేరూ లేని జర్నల్‌లో పేపర్ వేయించుకోకండి. పీహెచ్‌డీకి జర్నల్ పేపర్ తప్పనిసరి అనే నిబంధననే యూజీసీ 2022లో తీసేసింది. 2025 ఫిబ్రవరిలో కేర్ జర్నళ్ల జాబితాకూ స్వస్తి చెప్పింది. బీటెక్ విద్యార్థి డబ్బులిచ్చి వేయించుకున్న పేపర్ కంటే, అర్థమయ్యేలా రాసి గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్‌కే విలువ ఎక్కువ.

పేపర్ల పటం వేరు, ఉద్యోగాల పటం వేరు

కీవర్డుల పటంలో చొరబాట్ల గుర్తింపు, డీప్ లెర్నింగ్, బ్లాక్‌చైన్, ఫెడరేటెడ్ లెర్నింగ్ పెద్ద బుడగలు. ఇప్పుడు ఫ్రెషర్లకు వచ్చే ఉద్యోగ ప్రకటనలు ఒక పది తెరిచి పక్కన పెట్టుకోండి. లాగ్ విశ్లేషణ, లైనక్స్, నెట్‌వర్కింగ్ బేసిక్స్, క్లౌడ్ అనుమతుల నిర్వహణ, వెబ్ అప్లికేషన్ టెస్టింగ్, నిబంధనల అమలు.. ఇలా ఉంటుంది జాబితా. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో, అదే అందరూ 'సాక్' అంటారే, అక్కడ షిఫ్టుల్లో అలర్టులు చూసే అనలిస్టు పోస్టు చాలామందికి మొదటి మెట్టు.

దీని వెనక చట్టాలున్నాయి. సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. కంపెనీ ఖర్చుపెట్టేది దీనికోసం.

జనం బాధ ఇంకోలా ఉంది. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలు. ఇందులో సర్వర్లను హ్యాక్ చేసినవాళ్ల కంటే ఫోన్‌లో మాటలతో, లింకులతో, ఏపీకే ఫైళ్లతో బుట్టలో వేసినవాళ్లే మనకు ఎక్కువగా కనిపిస్తారు. కొట్టేసిన సొమ్ము దాటించడానికి వాడే మ్యూల్ ఖాతాలను పట్టడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ 'మ్యూల్‌హంటర్.ఏఐ' తయారు చేసింది. మెషిన్ లెర్నింగ్‌కు అసలు పని ఇలాంటి చోట ఉంది.

ఖాళీలు ఎక్కడున్నాయి?

గుంపు లేని, అవసరం ఉన్న మూడు చోట్లు చెబుతాను.

మొదటిది మన భాష. స్పామ్ మెసేజ్‌లను గుర్తించే ప్రాజెక్టు అనగానే అందరూ డౌన్‌లోడ్ చేసే ఒక డేటాసెట్ ఉంది. 5,574 ఇంగ్లిష్ ఎస్‌ఎంఎస్‌లు, అందులో స్పామ్ 747. చాలావరకు బ్రిటన్, సింగపూర్‌ల నుంచి సేకరించినవి. లాటరీ తగిలింది, రింగ్‌టోన్ గెలిచారు అనే కాలం నాటివి. 'ఈ రాత్రి మీ కరెంటు కనెక్షన్ కట్ చేస్తాం', 'మీ బండికి చలానా పడింది, ఈ ఏపీకే తెరవండి' అనే మెసేజ్‌ను అది ఎన్నడూ చూడలేదు. తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో, రెండూ కలిపి వచ్చే మోసపు మెసేజ్‌లను వ్యక్తిగత వివరాలు తీసేసి ఒక 500 సేకరించి, లేబుల్ చేయండి. ఆ ఇంగ్లిష్ డేటాతో నేర్చుకున్న మోడల్‌ను వీటి మీద పరీక్షించండి. కచ్చితత్వం ఎంత పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో రాయండి. 99 రాకపోయినా పర్లేదు. అదే అసలైన ఫలితం.

రెండోది మోడళ్ల భద్రత. చాట్‌బాట్‌లను కంపెనీలు తమ ఈమెయిల్, డేటాబేస్‌లకు కలుపుతున్నాయి. పెద్ద భాషా మోడళ్లతో చేసే అప్లికేషన్లకు ఉన్న ప్రమాదాలపై ఓవాస్ప్ సంస్థ 2023 నుంచి ఇస్తున్న జాబితాలో మొదటి స్థానం ప్రాంప్ట్ ఇంజెక్షన్‌ది. మీరే ఒక చిన్న చాట్‌బాట్ చేసి, దాన్ని మీరే ఎన్ని రకాలుగా మోసం చేయగలరో, ఏ అడ్డుకట్ట పనిచేసిందో పట్టికగా రాస్తే అదొక మంచి ప్రాజెక్టు.

మూడోది క్వాంటమ్ తర్వాతి ఎన్‌క్రిప్షన్. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. పాత పద్ధతుల నుంచి కొత్తవాటికి మారడం ఏళ్ల తరబడి సాగే పని. ఒక అప్లికేషన్‌లో పాత ఎన్‌క్రిప్షన్ ఎక్కడెక్కడ వాడారో వెతికి జాబితా ఇచ్చే చిన్న టూల్ చేసినా చాలు, మాట్లాడటానికి బోలెడంత ఉంటుంది. ఇందులో మెషిన్ లెర్నింగ్ లేకపోయినా నష్టం లేదు.

ఒక వారాంతంలో మీ సొంత పటం

టాపిక్ ఖరారు చేసే ముందు ఈ పని చేయండి. ఖర్చు సున్నా.

1. ఓపెన్‌ఆలెక్స్‌లో మీ టాపిక్‌ను రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకండి. ఇది 2022 నుంచి అందుబాటులో ఉన్న ఉచిత సూచిక. ఏడాదివారీగా ఎన్ని పేపర్లో ఒక షీట్‌లో రాసుకోండి.

2. కంప్యూటర్ సైన్స్ పేపర్ల ఉచిత జాబితా డీబీఎల్‌పీలో పైన చెప్పిన నాలుగు సదస్సుల గత రెండేళ్ల టైటిళ్లు చదవండి. మీ టాపిక్ అక్కడ ఎంత కనిపిస్తుందో చూడండి.

3. మీ టాపిక్‌లో బాగా ఉదహరించిన 10 పేపర్లు, కొత్తవి 10 తీసుకోండి. ప్రతిదానికీ మూడు గడులు నింపండి: ఏ డేటా, ఏ ఏడాదిది, తప్పుడు అలర్టులు ఎన్ని.

4. పక్కనే 10 ఉద్యోగ ప్రకటనలు పెట్టి, అందులోని నైపుణ్యాలు రాయండి. రెండు జాబితాల్లోనూ ఉన్నదేంటి? ఉద్యోగాల్లో ఉండి పేపర్లలో లేనిదేంటి?

5. ఆ ఖాళీ మీద ఒక్క వాక్యంలో ప్రశ్న రాయండి. వాక్యం కుదరకపోతే టాపిక్ ఇంకా కుదరలేదని అర్థం.

పేపర్ పూర్తి పాఠం డబ్బు కడితే తప్ప రాదని ఆగిపోకండి. మీది ప్రభుత్వ విద్యాసంస్థ అయితే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 2025 జనవరి నుంచి దాదాపు 13 వేల జర్నళ్లు చదివే వీలుంది. లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీ అయినా యూసెనిక్స్ పేపర్లు అందరికీ ఉచితం. ఆర్కైవ్‌లో కూడా చాలా దొరుకుతాయి.

గైడ్ ఇప్పటికే చొరబాట్ల గుర్తింపు టాపిక్ ఇచ్చేశారా? మార్చమని గొడవపడక్కర్లేదు. అదే ప్రాజెక్టుకు ఒక అధ్యాయం కలపండి. ఒక డేటాసెట్ మీద శిక్షణ ఇచ్చి, వేరే డేటాసెట్ మీద పరీక్షించండి. పాత తేదీల డేటాతో నేర్పి, తర్వాతి తేదీల మీద చూడండి. దాడులు వెయ్యిలో ఒకటి మాత్రమే ఉంటే అలర్టుల్లో నిజమైనవి ఎన్నో లెక్కేయండి. రెజ్యూమెలో '99 శాతం కచ్చితత్వం సాధించాను' అనే చోట ఇలా రాయండి: 'ఒకే డేటాసెట్‌లో 99 శాతం వచ్చిన మోడల్ వేరే డేటా మీద ఎంతకు పడిపోయిందో కొలిచి, కారణాలు గుర్తించాను.' ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ఈ లైన్ మీదే వస్తుంది. దానికి జవాబు మీ చేతిలో ఉంటుంది.